కదిలిన రాయికి కొమ్ములు

అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో లాస్ వెగాస్ చూడకుండా తిరిగొచ్చేవాళ్లు తక్కువ. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నల ఫోన్లలోనూ దీపాల హోటళ్లు, ఆ వెనకే హూవర్ డ్యామ్ ఉండి తీరతాయి. ఆ డ్యామ్‌కి కాస్త ఇవతల బౌల్డర్ సిటీ అని చిన్న ఊరు తగులుతుంది. 1930ల్లో డ్యామ్ కట్టే కార్మికుల కోసం వేసిన ఊరు. జూదానికి పెట్టింది పేరైన నెవాడాలో జూదం లేని ఊరు. అందుకేనేమో, టూరిస్టు కార్లు అక్కడ పెద్దగా ఆగవు. వేసవిలో మాత్రం ఆగి చూడాల్సిన చోటు ఒకటుంది. మీడ్ సరస్సుకు ఎదురుగా, వాలు మీద ఉన్న హెమెన్‌వే పార్కు. చూడబోతే మామూలు మునిసిపల్ పార్కే. ఊయలలు, పిక్నిక్ బల్లలు, నీళ్లు పెట్టి పెంచిన పచ్చిక. దాని వెనకాల మాత్రం పచ్చదనమన్నది లేని గోధుమరంగు కొండలు. ఎండలు ముదిరాక ఆ కొండల మీది అడవి గొర్రెలు దిగొచ్చి ఈ పచ్చికలో మేస్తాయి. చెట్ల నీడన పడుకుని నెమరేస్తాయి.

కొడుకు కారు దిగిన ఒక గుంటూరు వైపు పెద్దావిడ వాటిని కాసేపు పరీక్షగా చూసి అడిగింది.

"కాపరి ఏడిరా?"

"కాపరి ఉండడమ్మా. అడవి గొర్రెలు అవి."

"అడవివైతే ఇట్టా ఊళ్లో మేస్తాయా? మరి పొద్దుగూకితే ఎవరు తోలుకుపోతారు?"

"ఎవరూ తోలరు. వాటంతటవే కొండెక్కేస్తాయి."

ఆవిడకు నమ్మకం కుదరలేదు. గేటు దగ్గర ఎవరైనా కర్ర పట్టుకుని నిలబడ్డారేమోనని చుట్టూ చూసింది.

ఆవిడ అనుమానం సబబే. గొర్రె అంటే మనకు కాపరి, గొంగడి, కుక్క, మంద అన్నీ కలిపే గుర్తొస్తాయి. మనిషి చెయ్యి తగలకుండా బతికే గొర్రె ఉంటుందన్న ఊహే మనకు రాదు. లద్దాఖ్ ఎత్తుల్లో అర్గాలీ లాంటి అడవి గొర్రెలున్నా, తెలుగు నేల నుంచి వాటిని చూసి వచ్చినవాళ్లు ఎందరు? ఆ అర్గాలీ చుట్టమే హెమెన్‌వే పార్కులో మేసే ఈ బిగ్‌హార్న్. మంచుయుగాల్లో సముద్రమట్టం పడిపోయి సైబీరియాకూ అలాస్కాకూ మధ్య నేల తేలినప్పుడు దీని పూర్వీకులు నడిచి దాటాయి. కెనడాలోని రాకీ పర్వతాల నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఎడారి దాకా పరుచుకున్నాయి. చలికొండల్లో ఉండేవి భారీగా పెరుగుతాయి. అక్కడి పొట్టేలు 130 కిలోల దాకా తూగుతుంది. దాని కొమ్ముల బరువే 14 కిలోల వరకూ ఉంటుంది. ఒంట్లో ఎముకలన్నీ కలిపి తూచినా అంతే. ఎడారివి చిన్నవి, పలచనివి, రంగు కూడా వెలిసినట్టుంటుంది.

ఎక్కడున్నా బతికే పద్ధతి ఒకటే. చురుకైన చూపు, పక్కనే నిటారు కొండ. ప్యూమా కనబడిన మరుక్షణం అది అందుకోలేని వాలు మీదికి వెళ్లిపోవాలి. గిట్ట అంచు గట్టిగా ఉండి రాతి చీలికను పట్టుకుంటుంది, లోపలి మెత్తని భాగం నున్నటి బండకు అతుక్కుంటుంది. పరుగు పందెంలో ఈ గొర్రె జింకకు సాటి రాదు. నమ్ముకున్నదల్లా దూరాన్నే. శత్రువును దూరంగా ఉండగానే పసిగట్టాలి, పసిగట్టాక ఇంకా దూరం పెంచాలి. వాటిని చూడాలని వెళ్లేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సిందీ ఇదే. వాటి మనుగడ అంతా దూరం మీద ఆధారపడి ఉంది. మనం వెళ్లేది ఆ దూరాన్ని తగ్గించాలన్న కోరికతో.

రాళ్లను చదవాలి

పార్కులో చూడటం వేరు, కొండ మీద వెతికి పట్టుకోవడం వేరు. నోబెల్ గ్రహీత జాన్ స్టైన్‌బెక్ 1940లో కాలిఫోర్నియా సింధుశాఖలో పడవ మీద తిరుగుతూ, స్థానికులు పిలిస్తే ఒకచోట ఈ గొర్రెల వేటకు కొండెక్కాడు. దొరికింది పెంటికలే. చంపాల్సిన పని తప్పినందుకు ఆయన సంతోషించాడు కూడా. వెతికేవాళ్లకు నిజానికి పెంటికలు తక్కువ సంపదేమీ కాదు. తాజావి నల్లగా మెరుస్తాయి, పాతవి ఎండకు తెల్లబడి పొడిరాలతాయి. కొండ భుజం మీద గిట్టలతో గీకి చదును చేసుకున్న పడక, దాని చుట్టూ మెరిసే పెంటికలు కనబడితే మంద రాత్రి అక్కడే పడుకుందని లెక్క.

లాస్ వెగాస్‌కు ఈశాన్యంగా గంట ప్రయాణంలో వ్యాలీ ఆఫ్ ఫైర్ ఉంది. ఎర్రటి ఇసుకరాయి కొండలు. పొద్దున ఏటవాలు ఎండ పడ్డప్పుడు పేరుకు తగ్గట్టే నిప్పు రాజుకున్నట్టు ఉంటాయి. నేను వెళ్లింది చలికాలం ఉదయం. వెతకడానికి నడక కంటే కూర్చోవడం ముఖ్యమని అక్కడికి తరచూ వచ్చేవాళ్లు చెబుతారు. అదే నిజం. నడిచేవాడి కాళ్ల కింద గులక చప్పుడవుతుంది, ఆకాశం అంచున తల కనబడుతుంది. మనం ఒక్క గొర్రెను చూసేలోపు పది గొర్రెలు మనల్ని చూసేస్తాయి. బండకు వీపు ఆనించి కూర్చుని, బైనాక్యులర్స్ కళ్లకు పెట్టుకుని, ఎదుటి వాలును పై అంచు నుంచి అడ్డపట్టీలుగా విడగొట్టుకుని ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకు చూస్తూ రావాలి. బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగిస్తే ఇంకా మేలు. చేతి వణుకు పోయేసరికి చిన్న కదలిక కూడా దాగదు.

గొర్రె ఆకారం కోసం వెతికితే కనబడదు. ఒళ్లంతా రాయి రంగే. వెతకాల్సింది ముక్కల కోసం. వాలులో అన్నీ ఏటవాలు గీతలే ఉన్నచోట ఒక్క అడ్డగీత కనబడితే అది వీపు కావచ్చు. గోధుమరంగు మధ్య అరచేతి మందాన తెలుపు కనబడితే అది పిరుదు మీది మచ్చ. రాళ్లకు కోణాలుంటాయి, గుండ్రటి మెలిక ఉండదు. మెలిక కనబడితే పొట్టేలు ఉన్నట్టే.

ఆ ఉదయం నాకు ముందు చప్పుడు అందింది. పైనుంచి చిన్న రాయి ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆగింది. రాయి బయల్దేరిన చోటు మీదికి బైనాక్యులర్స్ తిప్పితే మెడలో పట్టీ ఉన్న ఆడగొర్రె. జీపీఎస్ పట్టీ అది. కొమ్ములు పొట్టివి, కొడవలి మాదిరి వెనక్కి కొద్దిగా వంగి ఉన్నాయి. ముందరి మోకాళ్ల దగ్గర వెంట్రుకలు అరిగిపోయి చర్మం కాయకాచినట్టు గట్టిపడింది. రోజూ రాతి మీద మోకాళ్లూని పడుకుని లేచే జీవి కదా. ఒకటి దొరికాక మిగతావి వాటంతటవే బయటపడతాయి. పట్టీ గొర్రెకు ఎడమ పక్క బండ అనుకున్నది తల తిప్పింది. దాని కింద నీడ అనుకున్నది పిల్ల. ఇంకాస్త పైన ఒకటి పడుకుని, దవడను పక్కకు ఆడిస్తూ నెమరేస్తోంది.

నెమరు ఆగిందంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చామని అర్థం. ఆ తర్వాతి మెట్టు, తలలన్నీ ఒకే దిక్కుకు తిరగడం. ఆ తర్వాత పడుకున్నవి లేవడం, పిల్లలు తల్లుల పక్కకు చేరడం. ఇది మూడో మెట్టు దాకా పోనివ్వకూడదు. మొదటి మెట్టులోనే వెనక్కి తగ్గినవాడికి గంటల తరబడి చూసే భాగ్యం దక్కుతుంది. ఫొటో కోసం నాలుగడుగులు ముందుకేసినవాడికి పది తెల్లటి పిరుదులు దక్కుతాయి.

కొమ్ము మీద వయసు

ఆడవి, పిల్లలు ఒక మందగా, పొట్టేళ్లు వేరే గుంపుగా ఏడాదిలో ఎక్కువ కాలం విడివిడిగా తిరుగుతాయి. పొట్టేలు కొమ్ము జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. చలికాలంలో పెరుగుదల మందగించినప్పుడు లోతైన గాడి పడుతుంది. స్పాటింగ్ స్కోప్‌లో ఆ గాడులు లెక్కపెడితే వయసు తెలిసిపోతుంది. పూర్తి చుట్టు తిరగడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ముసలి పొట్టేళ్ల కొమ్ముల కొసలు విరిగి, చీలికలు పట్టి ఉంటాయి.

ఢీ కొట్టుకోవడం చూడాలంటే రాకీ పర్వతాల్లో నవంబరు, డిసెంబరు నెలలకు వెళ్లాలి. ఎద కాలం అది. ఎడారి గొర్రెలది వేసవి చివరే మొదలవుతుంది. కొమ్ముల్లో తేడా స్పష్టంగా ఉంటే పోరు దాకా రాదు. చిన్నది పెద్దదాని కొమ్ములు చూసే తగ్గిపోతుంది. కొమ్ములు సమానమైతేనే తగువు. రెండూ ఎడంగా నడిచి వెళ్లి, ఒక్కసారి తిరిగి, వెనక కాళ్ల మీద లేచి, మీద పడినట్టుగా దూసుకొస్తాయి. వేగం గంటకు 30 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నాకు వింతగా తోచింది దెబ్బ తర్వాతి క్షణం. రెండూ కదలకుండా నిలబడి, తల కొంచెం పక్కకు తిప్పి, ఒకదానికొకటి కొమ్ములు చూపించుకుంటాయి. దెబ్బ ఎంత బలంగా తగిలిందో, అది కొట్టిన కొమ్ము ఎంతదో లెక్కేసుకుంటున్నట్టు ఉంటుంది.

ఆ దెబ్బకు మెదడు ఎలా నిలుస్తోందన్నది ఇంజినీర్లను కూడా ఆకర్షించింది. కొమ్ము లోపలి ఎముకలో నురుగు లాంటి నిర్మాణం తాకిడిని ఎలా మింగుతోందో కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పరిశోధించారు. హెల్మెట్లకు పనికొస్తుందన్న ఆశ. అయితే వాటి తలకు అసలు ఏమీ కాదన్న పాత నమ్మకానికి 2022లో వచ్చిన ఒక అధ్యయనం కొంత గండి కొట్టింది. ఢీ కొట్టుకునే కస్తూరి ఎద్దుల మెదళ్లను, బిగ్‌హార్న్‌ల మెదళ్లను పరీక్షిస్తే గాయాల ఆనవాళ్లు దొరికాయి. ఎద్దుల్లో ఎక్కువ, గొర్రెల్లో తక్కువ.

జంతువుల ప్రవర్తన చదివేవాళ్లకు వలేరియస్ గైస్ట్ పేరు తెలిసే ఉంటుంది. కెనడా కొండల్లో అడవి గొర్రెల మధ్య కాలం గడిపి, 1971లో ఆయన రాసిన పుస్తకం ఈ రంగంలో పునాదిరాయి. కొమ్ము సైజే హోదా అన్న సంగతి మనం ఇంత తేలిగ్గా చెప్పుకోగలుగుతున్నామంటే ఆయన అక్కడ ఓపిగ్గా కూర్చున్నందుకే.

ఎండలో లెక్క

ఈ గొర్రెల కోసం కూర్చోవడాన్ని వ్రతంలా పట్టినవాళ్లు దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నారు. శాన్ డియాగో నుంచి రెండు గంటల దూరంలో ఆంజా-బొర్రేగో ఎడారి పార్కు ఉంది. 1971 నుంచి అక్కడ జులై మొదటి వారంలో గొర్రెల లెక్క జరుగుతోంది. అమెరికా అంతా స్వాతంత్ర్య దినోత్సవ సెలవులకు బీచ్‌ల దారి పడితే, వీళ్లు 43, 45 డిగ్రీల ఎండలోకి నీళ్ల డబ్బాలు మోసుకుని పోతారు. జీతం లేదు, భత్యం లేదు.

ఆ నెలే ఎందుకంటే గొర్రెల లెక్క నీళ్ల దగ్గరే తేలుతుంది. చల్లటి రోజుల్లో ఎడారి గొర్రె మేతలోని తడితోనే సరిపెట్టుకుని కొండలన్నీ తిరుగుతుంది. పీపా జెముడును కొమ్ములతో బద్దలుకొట్టి లోపలి గుజ్జు తింటుంది. ఒంటి బరువులో 30 శాతం దాకా తగ్గినా తట్టుకుని, నీళ్లు దొరగ్గానే తేరుకుంటుంది. ఎండలు ముదిరితే మాత్రం కొన్ని రోజులకొకసారైనా చెలమ దగ్గరికి రాక తప్పదు. లెక్క వేసేవాళ్లు ఆ చెలమ కనబడే చోట, దానికి మరీ దగ్గర కాకుండా, నీడ చూసుకుని పొద్దుటి నుంచి కూర్చుంటారు. వచ్చిన ప్రతి గుంపులో పొట్టేళ్లెన్ని, ఆడవెన్ని, ఏడాదివెన్ని, ఈ ఏటి పిల్లలెన్ని, మెడపట్టీ రంగేమిటి అన్నీ కాగితం మీద పెడతారు. గొర్రె ఒక్కో కాన్పులో సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది కాబట్టి, ఆడవాటికి పిల్లలెన్ని అన్న నిష్పత్తే మంద భవిష్యత్తు చెబుతుంది. ఒక గొర్రె వచ్చిపోయాక మళ్లీ గంటల తరబడి ఏమీ రాకపోవచ్చు. ఏమీ రాలేదన్నదీ రాయాల్సిన సంగతే.

ఆ కొండల్లోని గొర్రెలు 1990ల నడుమకు 300 లోపుకి పడిపోయాయి. 1998లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలో చేర్చారు. ఆ తర్వాత రెండు రెట్లకు పైగా పెరిగాయి. అంతగా కోలుకోవడంలో, ఎక్కడ పెరిగాయో ఎక్కడ తగ్గాయో ఏటా చెప్పిన ఆ కాగితాల పాత్ర చిన్నది కాదు.

దగ్గితే చాలు

ఒకప్పుడు ఇవి అమెరికా పడమటి కొండల నిండా ఉండేవని అక్కడి రాళ్లే చెబుతాయి. వ్యాలీ ఆఫ్ ఫైర్‌లోని బండల మీద ఆదివాసులు చెక్కిన గొర్రె బొమ్మలున్నాయి. కాలిఫోర్నియాలోని కోసో లోయల్లో అలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. ఆ లోయలు ఇప్పుడు నౌకాదళ ఆయుధ పరీక్షా కేంద్రం లోపల పడ్డాయి. బొమ్మలు చూడాలంటే అనుమతి తీసుకుని, వెంట మనిషితో వెళ్లాలి. ఎల్లోస్టోన్ కొండల్లో బతికిన షోషోనీ తెగలో ఒక శాఖవాళ్లు ఈ గొర్రెల కొమ్ములను వేడినీటి బుగ్గల్లో నానబెట్టి మెత్తబరిచి, చీల్చి, విల్లులు చేసేవారు. వాటి బలానికి దూరదూరాల్లో గిరాకీ ఉండేది.

తెల్లవాళ్లు పడమటికి వచ్చాక లెక్క తలకిందులైంది. గనుల కూలీలకు మాంసం కోసం వేట ఒక కారణం. మేత భూముల మీద పెంపుడు మందలు వచ్చిపడటం రెండోది. లక్షల్లో ఉన్నవి ఇరవయ్యో శతాబ్దం నడుమకు 20 వేల లోపుకి దిగాయి. దక్షిణ డకోటాలోని బ్యాడ్‌లాండ్స్‌లో ఒక్కటీ మిగల్లేదు. 1964లో కొలరాడో నుంచి తెచ్చి అక్కడ మళ్లీ వదిలారు. కాపాడే ప్రయత్నాలూ అప్పటికే మొదలయ్యాయి. లాస్ వెగాస్ పొలిమేరల్లో 1936లో వీటి కోసమే పెద్ద ఆశ్రయాన్ని ప్రకటించారు. ఇప్పుడది 16 లక్షల ఎకరాలు. అరిజోనాలో అదే ఏడాది స్కౌట్ పిల్లలు ఊరూరా ప్రచారం చేస్తే, 1939లో కోఫా, కబేజా ప్రియెటా ఆశ్రయాలు వచ్చాయి. ఇన్ని చేశాక ఇప్పుడు ఉత్తర అమెరికా అంతటా కలిపి 80 వేల చిల్లర ఉంటాయని అంచనా.

వేటను చట్టంతో ఆపొచ్చు. ఆగనిది దగ్గు. పెంపుడు గొర్రెల్లో, మేకల్లో మైకోప్లాస్మా ఓవినిమోనియే అనే సూక్ష్మజీవి ఉంటుంది. వేల ఏళ్లుగా దాంతో కలిసి బతికిన పెంపుడు గొర్రెకు అది పెద్దగా హాని చేయదు. అడవి గొర్రెకు సోకిందంటే ఊపిరితిత్తులు పాడై మందకు మంద పడిపోతుంది. మిగిలిన తల్లుల్లో అది నక్కి ఉండి, ఆ తర్వాత ఏళ్ల తరబడి పుట్టిన పిల్లలను నెలా రెండు నెలల వయసులోనే చంపేస్తుంది. వయోమింగ్‌లోని డుబాయిస్ దగ్గర విస్కీ మౌంటెన్ మంద ఒకప్పుడు ఖండంలోకెల్లా పెద్దది. 1991లో జబ్బు పడింది, ఈనాటికీ పూర్తిగా కోలుకోలేదు. 2013లో ఇదే జబ్బు మొహావీ ఎడారిలో బయటపడింది. అడవిలో పట్టి వేయదగిన టీకా లేదు. ఉన్న వైద్యమల్లా ఒక్కటే, రెండు జాతులనూ కలవనివ్వకపోవడం. సంత నుంచి తెచ్చిన గొర్రెను కొన్నాళ్లు విడిగా కట్టేసి చూశాకే మందలో కలిపే మన కాపరికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. తిప్పలల్లా, అడవి పొట్టేలుకు ఆ నియమం తెలియకపోవడం. ఎద కాలంలో తోడు వెతుక్కుంటూ మైళ్లు నడిచి, పెంపుడు మందను చూసి, రెండు రోజులు దాంతో గడిపి, తిరిగి ఇంటికి పోతుంది.

దీనికి రెండో పక్క కూడా ఉంది. ఐడహోలోని పేయెట్ అడవుల్లో అడవి గొర్రెల కోసం 2010లో పెంపుడు గొర్రెల మేతను మూడింట రెండు వంతులు తగ్గించాలని నిర్ణయించారు. గొర్రెల రైతులు కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. తరతరాలుగా మేపుకుంటున్న కొండ ఒక్క కాగితంతో చేజారింది. ఆ మందల వెంట కొండల్లో తిరిగే కాపరులు ఎక్కువమంది పెరూ నుంచి హెచ్-2ఎ వీసా మీద వచ్చినవాళ్లు. మనవాళ్లు హెచ్-1బి కోసం లాటరీలో నిలబడ్డట్టే, వాళ్లూ ఆ కాగితం కోసం ఎదురుచూసి వచ్చినవాళ్లే. నా మటుకు నాకు అడవి గొర్రెల పక్షమే న్యాయమనిపిస్తుంది. పెంపుడు మందకు ఇంకో మేత భూమి వెతకొచ్చు, కొండకు ఇంకో బిగ్‌హార్న్‌ను తేవడం అంత సులువు కాదు.

ఎందుకు సులువు కాదో 2018లో వయోమింగ్ శాస్త్రవేత్తలు తేల్చారు. గొర్రెలను పట్టి కొత్త కొండలకు తరలించడం ఎప్పటి నుంచో ఉంది. హెలికాప్టర్ నుంచి వల విసురుతారు, కళ్లకు గంతలు కడతారు, కాళ్లు బంధిస్తారు, రక్తం, ముక్కు నమూనాలు తీస్తారు, సంచిలో వేసి వేలాడదీసుకుని తెస్తారు. గంతలు కట్టగానే కొంత శాంతిస్తుంది. చూపే ప్రాణమైన జంతువుకు చూడాల్సింది లేకపోతే భయమూ తగ్గుతుంది కాబోలు. అలా తెచ్చినవాటి మెడపట్టీల సమాచారం చూస్తే, కొత్తగా వచ్చినవాటిలో చాలామటుకు వలసే పోలేదు. మంచు కరిగేకొద్దీ లేత గడ్డి ఎటు మొలుస్తుందో ఆ దారిలో ఎక్కుతూ పోవడం వాటి నెత్తుట్లో లేదు. పిల్ల తల్లి వెనక నడిచి నేర్చుకుంటుంది. కొత్త చోట ఆ దారులు మళ్లీ పుట్టడానికి దశాబ్దాలు పట్టింది. ముందు గొర్రె వెనక నడవడాన్ని మనం వెక్కిరిస్తాం గానీ, ఈ కొండల్లో చదువంటే అదే. మంద పోతే దాంతోపాటు దారులూ పోతాయి.

డబ్బు, దారి

ఈ పనులన్నిటికీ డబ్బు ఎక్కడిది? ఇక్కడే చాలామందికి మింగుడుపడని సంగతి ఉంది. రాష్ట్రాలు ఏటా కొన్ని వేట అనుమతులను వేలం వేస్తాయి. 2013లో మోంటానాలో ఒకే ఒక్క పొట్టేలు అనుమతి 4 లక్షల 80 వేల డాలర్లు పలికింది. ఆ డబ్బు తరలింపులకు, సర్వేలకు, ఎడారిలో వాననీటి తొట్లు కట్టడానికి పోతుంది. ఒకదాన్ని చంపిన సొమ్ముతో వందను బతికిస్తున్నామని వేటగాళ్ల వాదన. లెక్కగా చూస్తే తప్పు పట్టలేం. కానీ అందరికీ కావాల్సింది పెద్ద కొమ్ములున్న పొట్టేలే. ఆల్బర్టాలోని రామ్ మౌంటెన్ మందను దశాబ్దాలు గమనించినవాళ్లు, పెద్ద కొమ్ములవాటినే ఏరి చంపుతూ పోతే తర్వాతి తరాల్లో కొమ్ములు చిన్నబోతున్నాయని 2003లో రాశారు. దానిమీద చర్చ ఇంకా తెగలేదు. డబ్బు వచ్చే దారి ఇంతకంటే మంచిది ఉండాలన్నది నా అభిప్రాయం, అయితే ఆ దారి ఎవరూ ఇంకా చూపలేదు.

రోడ్ల విషయంలో మాత్రం మంచి పనే జరిగింది. హూవర్ డ్యామ్ దాటి అరిజోనాలోకి వెళ్లే 93వ నంబరు హైవే మీద, కారు పైనుంచి అడ్డంగా వంతెనలు కనబడతాయి. వాటి మీద ఏ వాహనమూ పోదు. గొర్రెల కోసం 2011లో కట్టిన మూడు వంతెనలవి. రోడ్డు కింద సొరంగాలు పెడితే చవకే. కానీ మెడపట్టీలు చెప్పింది వేరు. దూరం చూడగల కొండ వెన్ను వెంట నడవడమే గొర్రెలకు ఇష్టం, చీకటి సొరంగంలో దూరవు. అందుకే శిఖరాల వరస ఎక్కడ రోడ్డును తాకుతుందో అక్కడే వంతెన వేశారు. డ్యామ్ చూసి ఫీనిక్స్ వైపు వెళ్లే మనవాళ్లు రోజూ వాటి కింద నుంచే పోతుంటారు.

వెళ్లేవాళ్ల కోసం

డెన్వర్‌లో ఉన్నవాళ్లు ఐ-70 మీద జార్జ్‌టౌన్ దగ్గర ఆగి, చలికాలంలో ఉత్తరపు వైపు కొండవాలు వెతకండి. రాకీ మౌంటెన్ పార్కులోని షీప్ లేక్స్‌కు మే నుంచి ఆగస్టు నడుమ దాకా ఖనిజ లవణాలున్న మట్టి నాకడానికి గొర్రెలు దిగుతాయి. అవి రోడ్డు దాటేటప్పుడు రేంజర్లు కార్లు ఆపేస్తారు. విసుక్కోకండి, అంతకంటే మంచి ట్రాఫిక్ జామ్ దొరకదు. జయాన్ పార్కుకు వెళ్లేవాళ్లు సొరంగం దాటాక తూర్పు వైపు తెల్లటి బండల మీద కళ్లు వేయండి.

ఏ చోటైనా తినడానికి ఏదీ పెట్టొద్దు. కుక్కను వెంట తీసుకెళ్లొద్దు. గొర్రె కళ్లకు కుక్కకూ తోడేలుకూ తేడా లేదు. ఎల్లోస్టోన్‌లో 25 గజాల దూరం పాటించాలని నిబంధన. అది కనీసం, రెట్టింపు ఉంటే మంచిది. ఆ పార్కులోనే 1981లో కళ్లకలక జబ్బు సోకి ఉత్తరపు మంద సగానికి పైగా పోయింది. చూపు మందగించిన గొర్రెలు కొండల మీంచి పడిపోయాయి, రోడ్ల మీద కార్ల కింద పడ్డాయి. చూపూ దూరమూ పోతే వీటికి వేరే రక్ష లేదు.

ఇక ఒక్క విజ్ఞప్తి. వీకెండ్ హైకింగులకు వెళ్లే మన కుర్రాళ్లు ఇప్పుడు పడమటి రాష్ట్రాల్లో వేలల్లో ఉన్నారు. ఆ కొండల్లో తప్పిపోయిన పెంపుడు గొర్రెగానీ మేకగానీ బిగ్‌హార్న్‌ల దగ్గర కనబడినా, అడవి గొర్రె ఆగకుండా దగ్గుతున్నా, ముక్కు కారుతున్నా, తోలడానికీ పట్టుకోవడానికీ వెళ్లొద్దు. ఉన్నచోటి నుంచే ఒక ఫొటో తీసి, ఫోన్‌లో లొకేషన్, టైమ్ నోట్ చేసుకుని, ఆ రోజే రాష్ట్ర వన్యప్రాణి శాఖకు ఫోన్ చేయండి. ఆలస్యం చేస్తే ఆ జబ్బు మొత్తం మందకు పాకుతుంది.